చిక్కడపల్లి గాలి: బొగ్గు పొగ నుంచి బండి పొగ దాకా

దీపావళి వెళ్లిన వారానికి మా ఓ.పి. గది ముందు వరుస పెరిగేది. ఉబ్బసం ఉన్న పిల్లలు, ఏళ్ల తరబడి చుట్టలు కాల్చిన పెద్దలు, వంటింటి పొగ తప్ప మరే పొగా ఎరుగని గృహిణులు. అందరిదీ ఒకే మాట: "చలి పడటం లేదు డాక్టరుగారూ." చాలాకాలం నేనూ చలినే నిందించాను. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల గతాన్ని తెలుసుకున్నకొద్దీ చలి కన్నా పొగ దోషమే ఎక్కువని అర్థమైంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు వేగంగా వీస్తాయి, వాన గాలిని కడుగుతుంది. అవి మరలిపోయాక ఆకాశం నిర్మలమవుతుంది, రాత్రివేళ నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైపొర వెచ్చగా ఉండటంతో కుండకు మూత పెట్టినట్టవుతుంది. వీధిలో పుట్టిన పొగ వీధిలోనే ఉండిపోతుంది. ఎండ ఎక్కితేనే ఆ మూత తొలగుతుంది. 1952 డిసెంబరులో లండన్‌లో ఇదే మూత, బొగ్గు పొగ కలిసి కొద్దిరోజుల్లోనే వేలమంది ప్రాణాలు తీశాయి.

మన పేటలు ఒకప్పుడు ప్రాకారం లోపలి పాతనగరానికి శివార్లు. 1908 మూసీ వరద, ఆ వెంటనే వచ్చిన ప్లేగు పాలకుల కళ్లు తెరిపించాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు వాడలు, మురుగు, తాగునీరు దాని చింత. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ నేటికీ నీటిని, ఆహారాన్ని పరీక్షిస్తోంది. గాలి వంతు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. వాయు కాలుష్య నివారణ చట్టం పుట్టిందే 1981లో.

ఈలోగా పొగ తన చోటు తాను చూసుకుంది. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ ఉన్న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, 1920లో బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం వెలిసింది. అశోక్‌నగర్‌కు అది కూతవేటు దూరం. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర డీబీఆర్ మిల్లు, ఇవతల అజామాబాద్ పారిశ్రామికవాడ, అందులో వజీర్ సుల్తాన్ సిగరెట్ల కర్మాగారం. ఇళ్లలో బొగ్గుల కుంపట్లు సరేసరి. దిక్కులను బట్టి చూస్తే విద్యుత్కేంద్రం పొగను మన పేటల మీదికి తోలగలిగినది వానాకాలపు పడమటి గాలే. కానీ ఆ గాలి ఆగదు, ఆగనిచోట పొగ పేరుకోదు. శీతకాలంలో గాలి నిలిచిపోయినప్పుడు పక్కింటి కుంపటి చాలు, ఊపిరితిత్తులు మొరాయించడానికి. 1980లలో ఆ కేంద్రం ఆగిపోయింది, తరువాత కట్టడాలనూ తొలగించారు. ఆ పొగ శాశ్వతంగా పోయింది. పట్టుకొని ఆపగలిగిన పొగ అది. ఒక్క గొట్టం, ఒక్క యజమాని.

దాని స్థానంలోకి వచ్చినదానికి యజమానులు లక్షల మంది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా, నేడు ఒక కూడలికే పేరు ఇచ్చింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా వదిలిన వేళ నిలబడ్డవారికి మిగతాది నేను చెప్పనక్కరలేదు. న్యాయంగా చెప్పాలంటే మేలూ జరిగింది. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగింది. పిల్లల మెదడుకు జరిగిన అంత పెద్ద ఉపకారాన్ని మనం పండుగ చేసుకోలేదు. 2020 ఏప్రిల్ నుంచి ఇంధనంలో గంధకాన్ని పది లక్షల పాళ్లకు 10 పాళ్లకు తగ్గించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా మెట్రో వచ్చింది. 2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెన కట్టారు. వాహనాలు దానిపై ఆగకుండా పోతాయి, కింద మాత్రం ఆగుతూనే ఉన్నాయి.

2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమంలో, ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో హైదరాబాద్ చేరింది. మన దేశపు ప్రమాణం ప్రకారం అతిసూక్ష్మ ధూళి, అంటే పీఎం 2.5, ఏడాది సగటున ఘనమీటరుకు 40 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. ఈ అంతరాన్ని శ్వాసకోశమే పూడ్చుకోవాలి.

అశోక్‌నగర్‌లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది జిల్లాల నుంచి పోటీపరీక్షలకు వచ్చిన యువతీయువకులు. కేంద్ర గ్రంథాలయం చుట్టూ, ఇరుకు హాస్టళ్లలో, రోడ్డు పక్క టీకొట్ల దగ్గర వారి రోజు గడుస్తుంది. మొన్న డిసెంబరులో ఒక కుర్రవాడు రెండు నెలలుగా తగ్గని దగ్గుతో వచ్చాడు. తెల్లవారుజామున ఐదింటికి రోడ్డు వెంట పరుగెత్తుతాడట, పోలీసు ఉద్యోగం కోసం. ఎండెక్కాక, తొమ్మిది దాటాక పరుగెత్తు నాయనా, అన్నాను. తలూపాడు గాని, తొమ్మిదింటికి తరగతి ఉందన్నాడు.