తిరిగొచ్చిన సైనికులు వేసిన రోడ్డు

మెల్‌బోర్న్‌కు నైరుతిగా టోర్కీ అనే ఊరుంది. అక్కడ మొదలై 243 కిలోమీటర్లు, చాలా మేర సముద్రం పక్కనే సాగుతుంది గ్రేట్ ఓషన్ రోడ్. మన వాళ్లు ఎవరొచ్చినా తీసుకెళ్లి చూపించే దారి ఇది. వాళ్ల ఫొటోలన్నీ సముద్రంవే. ఇక్కడ స్థిరపడ్డ నాకు మాత్రం ఆ రోడ్డులోనే ఈ దేశం కనిపిస్తుంది.

మొన్న వేసవిలో బాబాయిని తీసుకెళ్లాను. ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా రిటైరైన మనిషి, ఘాట్ రోడ్ల పని బాగా తెలిసినవారు. పులిహోర, ఫ్లాస్కులో కాఫీ సర్దుకుని పొద్దున్నే బయల్దేరాం. అపోలో బే దాకా వెళ్లి తిరిగి రావడమే, తొందరేం లేదు. దారిలో లోర్న్ అనే ఊరు దాటాక ఒక మలుపులో కారు ఆపమన్నారు. సముద్రానికి వీపు తిప్పి, కొండను కోసిన చోటే చూస్తూ నిలబడిపోయారు.

"ఏ మిషన్లతో కొట్టారమ్మా ఇదంతా?"

"మిషన్లు దాదాపు లేవు బాబాయ్. పలుగూ పారా, మందుగుండు, గుర్రబ్బళ్లు."

"ఎవరు కొట్టారు?"

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆస్ట్రేలియా జనాభా యాభై లక్షలు కూడా లేదు. అందులోంచి నాలుగు లక్షల మందికి పైగా సైన్యంలో చేరారు. నిర్బంధంగా విదేశాలకు పంపాలా అని 1916లో, 1917లో ప్రజలనే అడిగితే రెండుసార్లూ వద్దన్నారు. అంటే వెళ్లినవాళ్లంతా ఇష్టపడి వెళ్లినవాళ్లే. దాదాపు అరవై వేల మంది తిరిగి రాలేదు. వచ్చినవాళ్లకు పని కావాలి. ఈ తీరంలోని ఊళ్లకేమో సరైన దారి లేదు. జిలాంగ్ మేయర్ హోవర్డ్ హిచ్‌కాక్ పూనుకుని 1918లో ట్రస్టు పెట్టించాడు, చందాలు పోగుచేశాడు. 1919లో పని మొదలైంది. సుమారు మూడు వేల మంది మాజీ సైనికులు గుడారాల్లో ఉంటూ, రోజుకు పది షిల్లింగుల ఆరు పెన్నీల కూలికి ఈ కొండలు తొలిచారు. కొందరు ఇక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. యుద్ధంలో చనిపోయిన తోటివాళ్ల స్మారకంగా ఈ రోడ్డు వేస్తున్నామని వాళ్లకు తెలుసు. చచ్చిపోయినవాళ్లను తలుచుకుంటూనే, బతికి వచ్చినవాడి చేతికి కూలి ఇచ్చిన స్మారకం ఇది. అందుకే నాకు ఇంత గౌరవం.

1932 నవంబరులో రోడ్డు తెరిచారు. హిచ్‌కాక్ ఆ ఆగస్టులోనే గుండెజబ్బుతో పోయాడు. ప్రారంభ ఊరేగింపులో గవర్నర్ కారు వెనక ఆయన కారును నడిపించారు. ఖర్చు రాబట్టడానికి పెట్టిన టోల్‌ను 1936లో, రోడ్డు రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించినప్పుడు ఎత్తేశారు.

బాబాయికి ఇంకో సంగతి కూడా చెప్పాను. అదే యుద్ధంలో, గలిపోలీ పోరులో ఈ ఆస్ట్రేలియన్ల పక్కన మన ఉపఖండపు ఫిరంగి దళాలూ ఉన్నాయి. కంచర గాడిదల మీద కందకాల దాకా నీళ్లు, మందుగుండు మోసింది మనవాళ్లే. వాళ్లలో ఎవరైనా ఈ దేశంలో స్థిరపడదామనుకుంటే తెల్లవాళ్లు కానివాళ్లను రానివ్వని 1901 నాటి చట్టం అడ్డం. శ్వేత ఆస్ట్రేలియా విధానం పూర్తిగా పోయింది 1973లో. నాలాంటి వాళ్లకు తలుపు తెరిచి చాలాకాలమేం కాలేదు.

ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డుకు అడ్డంగా ఉన్న చెక్క కమాను ఆ సైనికుల్ని గుర్తుచేస్తుంది. అంతకుముందు ఈ ఓట్వే కొండల్లో వేల ఏళ్లుగా బతికిన గడుబనుద్ జనానికి అలాంటి కమాను లేదు. 1846లో ఒక సర్వే బృందం ఏయిర్ నది ముఖద్వారం దగ్గర వాళ్లను ఊచకోత కోసింది. ఆ నది అపోలో బేకు దగ్గరే. కమాను కింద అందరికీ ఫొటో తీస్తాను. అపోలో బే చేరాక, పులిహోర తింటున్నప్పుడు, ఈ ఊచకోత సంగతి కూడా తప్పకుండా చెబుతాను. బాబాయికీ చెప్పాను.