మ్యూజియంలో మన వస్తువులు, వేసవి సెలవుల్లో మన పిల్లలు

కొంచెం పొడుగు పోస్టు ఇది. సెలవులకి ఊరెళ్ళే ముందు తీరిగ్గా చదవండి.

పోయిన వేసవిలో మా చెల్లి ఒక మాట అంది. దానికి తొమ్మిదేళ్ళు, ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి. సెలవులకి ఇంటికొచ్చి, అటక మీద ఏదో వెతుకుతూ ఎండిన ఆనపబుర్ర ఒకటి కిందికి దించింది. "అన్నా, ఇది మ్యూజియం వస్తువు కదా, మనింటికెలా వచ్చింది?" అని అడిగింది. మా నానమ్మ చేట పక్కన పెట్టి పడీపడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ బుర్రలో చోడి అంబలి పోసుకుని ముప్పై నలభై ఏళ్ళు పోడుకి వెళ్ళిన మనిషి దాని ఎదురుగానే కూర్చుని ఉంది. చెల్లి మాత్రం ఆ బుర్రని మొదట స్కూలు వాళ్ళు తీసుకెళ్ళినప్పుడు మ్యూజియంలో చూసింది. ఇంట్లో చూడ్డం ఆ తర్వాతే.

ఆ రోజు నుంచి ఈ మ్యూజియాల సంగతి కొంచెం చదవడం మొదలుపెట్టాను. నేను విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను, హిస్టరీ ఒక సబ్జెక్టు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. అందుకని తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి.

వేసవి వస్తే పట్నం పిల్లలకి మ్యూజియం అంటే సరదా. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ముందు సాయంత్రం చూడండి, అమ్మా నాన్నా పిల్లలూ తాతయ్యలూ వరసగా నిలబడి ఉంటారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో వేసవిలో పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పే శిబిరాలు పెడుతుంటారు. అక్కడి గడియారంలో చిన్న మనిషి బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుందని, ఆ సమయానికి జనం గుమిగూడి ఎదురుచూస్తారు. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. 1977లో మ్యూజియాల అంతర్జాతీయ సంఘం దాన్ని మొదలుపెట్టింది. మన దేశంలో అది సరిగ్గా వేసవి సెలవుల మధ్యలో పడుతుంది కాబట్టి కుటుంబాలని రప్పించడానికి అనువైన రోజు.

మరి మ్యూజియంతో మన మొదటి పరిచయం ఎలా జరిగింది? అది తెలియాలంటే మద్రాసు వెళ్ళాలి.

మన కొండలకి మద్రాసుతో ఏం సంబంధం అనుకోవద్దు. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని మామూలు పాలన నుంచి విడదీసి, కలెక్టర్‌ని 'ఏజెంటు' హోదాలో పెట్టి పాలించారు. 'ఏజెన్సీ' అనే మాట మనకి అంటుకున్నది అప్పటినుంచే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మన విశాఖ కొండలు మద్రాసు కిందే ఉన్నాయి.

మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. తొలి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్. రాళ్ళూ ఎముకలూ పెడితే వచ్చే జనం కన్నా ప్రాణమున్న జంతువుల్ని పెడితే వచ్చే జనం ఎక్కువని ఆయన తొందరగానే గ్రహించాడు. 1855లో మ్యూజియం ఆవరణలోనే జంతుశాల పెట్టారు. 1863లో దాన్ని అక్కణ్ణించి పీపుల్స్ పార్కుకి మార్చారు. సంక్రాంతి రోజుల్లో, కాణుమ్ పొంగల్ నాడు, కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ మ్యూజియానికి వెళ్ళడం కూడా అక్కడ పాత అలవాటే. అంటే 'ఫ్యామిలీ ప్రోగ్రామ్' అని ఈరోజు అంటున్నది మన దగ్గర కొత్తగా పుట్టింది కాదు.

ఆ మ్యూజియానికే 1885 నుంచి 1908 దాకా ఎడ్గర్ థర్‌స్టన్ సూపరింటెండెంటుగా ఉన్నాడు. మనుషుల తల పొడవు, ముక్కు వెడల్పు కొలిచి వాళ్ళు ఏ జాతో తేల్చవచ్చని నమ్మిన కాలం అది. ఆయన మ్యూజియంలోనూ కొలిచాడు, పరికరాలు మోయించుకుని ఊళ్ళకెళ్ళీ కొలిచాడు. 1901లో మద్రాసు ప్రెసిడెన్సీ జాతుల సర్వే పని ఆయనకే అప్పజెప్పారు. 1909లో, కె. రంగాచారి సాయంతో, దక్షిణ భారత కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వెలువడ్డాయి. మన బగత, గదబ, కొండదొర, పొరజ, సవర అందరూ అందులో అక్షరక్రమంలో ఉన్నారు.

ఆయన తన పని గురించి చెప్పుకుంటూ ఒక సంగతి రాశాడు. వయనాడు కొండల్లో పనియ ఆడవాళ్ళు ఆయన్ని చూడగానే పారిపోయారట. తమలో బాగున్నవాళ్ళని ఏరి, లోపల గడ్డి కూరి, మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ళు భయపడ్డారట. ఆయన దాన్నొక తమాషా సంగతిలా రాసి ముందుకు వెళ్ళిపోయాడు. నేను ఆ వాక్యం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. చదివినవాళ్ళెవరైనా "పాపం అమాయకులు" అంటారు. నాకలా అనిపించలేదు. మ్యూజియంలో జంతువుల్ని చంపి కూరి పెడతారన్నది నిజం. ఒక దొర వచ్చి జంతువుని కొలిచినట్టు మనుషుల్ని కొలుస్తున్నాడన్నదీ నిజం. రెండూ కలిపి ఆలోచించిన ఆడవాళ్ళకి ఇంకేం అర్థం కావాలి?

థర్‌స్టన్ పుస్తకాలు పనికిరానివని చెప్పడం లేదు. గదబ ఆడవాళ్ళు కెరంగు నారతో నేసుకునే బట్ట గురించి అందులో ఉంది. ఈరోజు ఆ నేత గురించి వెతికేవాళ్ళకి అది ఆధారమే. కానీ ఆ కొలతల పట్టికల్లో సగటు ముక్కు ఉంది, సగటు ఎత్తు ఉంది, మనిషి పేరు లేదు.

ఇక మన అరకు. ఇక్కడి గిరిజన మ్యూజియం 1996లో వచ్చింది. చూసినవాళ్ళకి తెలుసు, మట్టి గోడల కట్టడం, లోపల మనిషంత బొమ్మలు. పెళ్ళి, వేట, వంటిల్లు, థింసా. చిన్నప్పుడు మమ్మల్ని స్కూలు నుంచి ఒక మ్యూజియానికి తీసుకెళ్ళారు, ఏదో పేరు అనవసరం. వరసలో నడవండి, ముట్టుకోవద్దు, మాట్లాడొద్దు అన్నారు. పావుగంటలో బయటికి వచ్చేశాం. మా ఇళ్ళలో రోజూ ముట్టుకునే వస్తువుల్ని అక్కడ ముట్టుకోవద్దంటే అవి మావి కావేమో అనుకున్నాను.

అందుకే పోయిన మే నెలలో నానమ్మనీ చెల్లినీ అరకు మ్యూజియానికి నేనే తీసుకెళ్ళాను. నానమ్మ ముందు ఒప్పుకోలేదు. "సూడ్డానికేటుందిరా అక్కడ? నానిక్కడున్నాను గదా" అంది. చివరికి చెల్లి ఏడిస్తే బయల్దేరింది.

లోపల వంట చేస్తున్న ఆడమనిషి బొమ్మ దగ్గర నానమ్మ ఆగింది.

"ఈవిడెవరు?"

"బొమ్మ నానమ్మా."

"బొమ్మని తెల్దేటి నాకు? ఎవులింటి ఆడది అని అడుగుతున్నాను."

నా దగ్గర జవాబు లేదు. చెల్లి ఆనపబుర్ర చూపించి ఇది ఎలా చేస్తారని అడిగింది. నానమ్మ అక్కడే నిలబడి మొదలుపెట్టింది. కాయని పాదు మీదే ముదరనివ్వాలి. డొక్క గట్టిపడి, తట్టితే మోగేదాకా కొయ్యకూడదు. ఎండాక మెడ దగ్గర బెజ్జం పెట్టి నీళ్ళు పోసి వదిలేస్తే లోపలి గుజ్జు కుళ్ళుతుంది. తర్వాత చిన్న రాళ్ళూ ఇసకా పోసి బాగా ఆడించి కడగాలి. మొదట్లో నీళ్ళు చేదెక్కుతాయి, మార్చి మార్చి పొయ్యాలి. ఆఖర్న పొయ్యి మీద పొగలో వేలాడదీస్తే పురుగు పట్టదు.

నానమ్మ చెప్పింది మా ఇంటి మాటలో, అంటే ఆదివాసీ ఒరియాలో. పక్కనే ఒక పట్నం కుటుంబం ఉంది. వాళ్ళబ్బాయి, ఏడెనిమిదేళ్ళుంటాయి, నోరు తెరుచుకుని వింటున్నాడు. చెల్లి వాడి కోసం తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో దానికి రాని మాటలు మూడు వచ్చాయి, నానమ్మని ఆపి అడిగి తెలుసుకుని మరీ చెప్పింది. వాళ్ళ నాన్న ఫోను తీసి నానమ్మతో ఫొటో అన్నాడు. "ఫొటో తర్వాత బాబూ, ముందు ఇను" అంది నానమ్మ. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు చేరారు. ఇరవై నిమిషాలు ఎవరూ కదల్లేదు.

అది ఎవరూ ప్లాన్ చేసిన కార్యక్రమం కాదు. కానీ నేను చూసినవాటిలో మంచి వేసవి కార్యక్రమం అదే.

ఇది జరగని పనేం కాదు. భోపాల్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయ ఉంది. 200 ఎకరాలు. అక్కడ ఆరుబయట ఉన్న ఆదివాసీ ఇళ్ళని ఆయా తెగలవాళ్ళే వచ్చి, తమ పద్ధతిలో, తమ చేతుల్తో కట్టారు. పాడైతే వాళ్ళనే పిలిచి బాగు చేయిస్తారు. 'కరో ఔర్ సీఖో' అని, అంటే చేసి నేర్చుకో అని, పనితనం తెలిసినవాళ్ళని పిలిపించి వచ్చినవాళ్ళకి నేర్పిస్తారు. కుండ చేసే మనిషి అక్కడ గురువు. థర్‌స్టన్ కాలంలో ఆ మనిషి ముక్కు కొలిచేవాళ్ళు. ఈ రెండింటి మధ్యా వందేళ్ళు కూడా లేవు.

అసలు వేసవి కార్యక్రమం అనేది మనకి కొత్తా? చైత్రంలో ఇటుకల పండగ చూడండి. మగవాళ్ళు వేటకి పోతారు, వట్టి చేతుల్తో వస్తే ఆడవాళ్ళు ఊరుకోరు. ఆడవాళ్ళు దారికి దుంగ అడ్డం పెట్టి పజోరు వసూలు చేస్తారు. మ్యూజియం చూడ్డానికి వచ్చే కార్లు కూడా ఆ దుంగ దగ్గర ఆగాల్సిందే. రాత్రికి థింసా. ముసలాళ్ళ నుంచి చంటిపిల్లల దాకా ఆ వరసలో చెయ్యి కలుపుతారు, అడుగు ఎవరూ విడిగా నేర్పరు. కానీ మనం హాస్టళ్ళకి వెళ్ళిపోయాక, పరీక్షలు సరిగ్గా అప్పుడే వచ్చి, ఎంతమంది ఆ పండక్కి ఉంటున్నాం? నేను మూడేళ్ళుగా వెళ్ళలేదు. చెల్లి బుర్రని గుర్తుపట్టకపోవడానికి అదీ ఒక కారణమే. చదువు మానుకోమనడం లేదు, చదువే కదా నాతో ఇది రాయిస్తోంది. ఉన్న సెలవుల్ని వాడుకుందాం అంటున్నాను.

నేను అడిగేవి రెండే.

ఒకటి, ఈ వేసవిలో మీ దగ్గర్లో ఉన్న మ్యూజియానికి ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి. అరకు కావచ్చు, జోడేఘాట్ కావచ్చు. వాళ్ళు ఏ వస్తువు దగ్గర ఆగుతారో చూడండి. దాని పేరు మీ భాషలో, ఎలా చేస్తారు, ఎప్పుడు వాడతారు, అన్నీ రాసుకోండి. చెప్పినవాళ్ళ పేరు కింద తప్పకుండా రాయండి. వందేళ్ళ కింద రాయకుండా వదిలేసింది ఆ పేరే.

రెండు, మన సంఘాల తరఫున మ్యూజియం వాళ్ళని కలిసి అడుగుదాం. వేసవిలో వారానికి ఒక్క రోజైనా మన పెద్దవాళ్ళు అక్కడ కూర్చుని పిల్లలకి చెప్పే ఏర్పాటు చెయ్యమని, వాళ్ళకి ఆ రోజు కూలి ఇమ్మని. ఊరికే రమ్మంటే కుదరదు, పని వదులుకుని రావాలి కదా.

తొందరపడమని ఎందుకంటున్నానంటే, మా నానమ్మకి ఈ ఏడు చూపు బాగా తగ్గింది. మొన్న ఫోన్లో చెల్లి చెప్పింది, పెరట్లో పాదు మీద ఒక ఆనపకాయ కొయ్యకుండా వదిలేశారంట. రోజూ వెళ్ళి తట్టి చూస్తోందంట, ఇంకా మోగట్లేదంట. ఆ బెజ్జం పెట్టే రోజుకి నేను ఇంట్లో ఉండాలి.