హిన్నోము లోయ: ప్రభువు నరకాన్ని ఆ పేరుతో ఎందుకు పిలిచాడు?



నరకం అనగానే మన పల్లెల్లో చాలామంది కళ్ల ముందుకు వచ్చేది యమధర్మరాజు, చిత్రగుప్తుడి చిట్టా, సలసల కాగే నూనె. ఆ నరకానికి ఒక గడువు కూడా ఉంది. పాపఫలం తీరిపోతే జీవుడు మళ్లీ జన్మ ఎత్తుతాడు. మన తెలుగు బైబిలులో ఉన్నదీ ఆ మాటే. జనానికి తెలిసిన మాట కాబట్టి అనువాదకులు దాన్ని వాడుకున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ మాటతోపాటు ఆ పాత బొమ్మ కూడా మన మనసులోకి వచ్చి కూర్చుంది. అందుకే ప్రభువు నోట పలికిన అసలు మాట ఏమిటో ఒకసారి చూద్దాం.

ఆ మాట గెహెన్నా. అది నిజంగా ఉన్న ఒక లోయ పేరు, యెరూషలేములో పుట్టి పెరిగిన ఎవరైనా వేలెత్తి చూపించగలిగేది. కొత్త నిబంధనలో ఈ మాట 12 సార్లు వస్తుంది. అందులో 11 సార్లు పలికింది యేసుప్రభువే. మిగిలిన ఒక్కటి యాకోబు పత్రికలో, నాలుకను గురించి చెప్పేచోట ఉంది. ప్రేమామయుడైన యేసు నరకం సంగతి ఎత్తలేదనీ, తర్వాతివాళ్లు కల్పించారనీ అనేవారికి ఈ లెక్క చూపిస్తే చాలు. (ధనవంతుడు, లాజరు ఉపమానంలో ఉన్న మాట వేరు. అది హేడెస్. మన బైబిలులో దాన్ని పాతాళము అన్నారు.)

హెబ్రీ భాషలో ‘గే’ అంటే లోయ. గే హిన్నోము అంటే హిన్నోము లోయ. యెహోషువ 15వ అధ్యాయంలో ఇది యూదా గోత్రపు సరిహద్దు లెక్కలో, మన పొలం దస్తావేజులో వాగు, గట్టు రాసినట్టే కనిపిస్తుంది. నగరానికి పడమట మొదలై, దక్షిణంగా చుట్టి వచ్చి కిద్రోను లోయలో కలుస్తుంది. అప్పటికి ఆ పేరు వింటే ఎవరికీ భయం లేదు.

భయం రాజుల కాలంలో వచ్చింది. ఆ లోయలో తోఫెతు అనే చోట మొలెకుకు పిల్లల్ని అగ్నిలో అర్పించారు. చేసింది అన్యులు కాదు. దావీదు సింహాసనం మీద కూర్చున్న ఆహాజు తన సొంత కొడుకుల్ని అర్పించాడు. మంచి రాజని పేరున్న హిజ్కియా కొడుకు మనష్షే కూడా అదే చేశాడు. దేవాలయం ఉన్న ఊళ్లోనే ఇది జరిగింది. పైన బలిపీఠం మీద గొర్రెపిల్ల, కింద లోయలో పసిబిడ్డ. ఆ జనానికి రెండూ భక్తిగానే తోచాయి. అది మన ఊహకు కూడా అందదు.

క్రీ.పూ. 640 నుండి 609 వరకు ఏలిన యోషీయా ఆ తోఫెతును అపవిత్రపరచి, ఇక ఎవరూ అక్కడ పిల్లల్ని దహించకుండా చేశాడు. ఆ రోజుల్లోనే యిర్మీయా ప్రవక్త దేవుని మాట వినిపించాడు. తాను అలాంటిది ఆజ్ఞాపించలేదనీ, అది తన మనసుకే తోచలేదనీ దేవుడు అన్నాడు. ఒక దినం వస్తుందనీ, ఆ లోయకు వధ జరిగిన లోయ అని పేరు పడుతుందనీ, పాతిపెట్టడానికి చోటు చాలదనీ ప్రవక్త చెప్పాడు. లోయ పేరు తీర్పుకు గుర్తుగా మారడం ఇక్కడ మొదలైంది.

మనం ప్రసంగాల్లో తరచుగా వినే ఒక మాట ఉంది. గెహెన్నా అంటే యెరూషలేము చెత్తకుప్ప అనీ, అక్కడ రాత్రింబగళ్లు చెత్త కాలుతూ ఉండేదనీ, ప్రభువు దాన్ని చూపించి నరకాన్ని వర్ణించాడనీ చెబుతారు. వినడానికి చక్కగా ఉంటుంది. కానీ బైబిలులో ఎక్కడా అది లేదు. ప్రభువు కాలపు రాతల్లోనూ లేదు. ఈ సంగతి మొదట కనిపించేది దక్షిణ ఫ్రాన్సులో ఉన్న దావీదు కింహి అనే యూదు పండితుడు, క్రీ.శ. 1200 ప్రాంతంలో, 27వ కీర్తనకు రాసిన వ్యాఖ్యానంలో. అంటే ప్రభువు తర్వాత వెయ్యేళ్లు దాటాక. తవ్వకాల్లో ప్రభువు కాలపు చెత్త పోగు దొరికిన మాట నిజమే. అయితే అది కిద్రోను వైపు వాలులో దొరికింది.

చెత్తయితేనేం, లోయయితేనేం అనకండి. చాలా తేడా ఉంది. నరకం చెత్తకుప్ప అయితే మనిషి పనికిరాక పారేసిన వస్తువు అవుతాడు. పనికిరానివాడని దేవుడు ఎవరినీ పారేయడు. హిన్నోము లోయ అయితే అది లెక్క అడిగే చోటు. నోరులేని బిడ్డ రక్తానికి, ఎవరూ సాక్ష్యం చెప్పని పాపానికి అక్కడ జవాబు చెప్పాలి.

మత్తయి 18 తెరిచి చూడండి. ప్రభువు ఒక చిన్న బిడ్డను పిలిచి శిష్యుల మధ్య నిలబెట్టాడు. తనయందు విశ్వాసముంచిన ఈ చిన్నవారిలో ఒకరిని పడగొట్టేవాడి మెడకు తిరగలిరాయి కట్టి సముద్రంలో ముంచడమే వాడికి మేలని చెప్పాడు. వెంటనే, అదే ఊపిరిలో, గెహెన్నా మాట ఎత్తాడు. బిడ్డను పక్కన నిలబెట్టుకుని, బిడ్డల్ని కాల్చిన లోయ పేరు చెప్పాడు. విన్న యూదులకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ మాట అన్నది కూడా బయటివారితో కాదు, తన వెంట తిరిగే శిష్యులతో. మత్తయి 23లో ఇంకోసారి అన్నది శాస్త్రులతో, పరిసయ్యులతో. మనం మాత్రం నరకం ప్రసంగం అంటే గుడి బయటివాళ్ల కోసమే అనుకుంటాం. స్కానింగులో ఆడపిల్ల అని తెలిసి కడుపులోనే తీసివేయించి, ఆదివారం వచ్చి ముందు వరుసలో కూర్చునేవారు ఉంటే, ఆ లోయ వారికి దూరమేమీ కాదు.

ఇక ఆ శిక్ష నిత్యమా, కొంతకాలమా అనే ప్రశ్న సంఘంలో చాలా పాతది. మూడో శతాబ్దంలో ఓరిగెను అనే గొప్ప పండితుడు, ఆ అగ్ని శుద్ధిచేసేదనీ, చివరకు అందరూ దేవుని దగ్గరకు తిరిగి వస్తారనీ ఆశపడ్డాడు. ఆయన్ని ఎగతాళి చేయకండి, విశ్వాసం కోసం చెరలో హింసలు పడ్డ మనిషి. అయినా సంఘం ఆ దారి పట్టలేదు. అగస్తీను ‘దేవుని పట్టణం’ అనే గ్రంథంలో సూటిగా వాదించాడు. మత్తయి 25 చివరి వచనంలో శిక్షకూ జీవానికీ ఒకే విశేషణం, నిత్యం అనే మాట ఉంది. ఒకచోట దానికి గడువు పెడితే రెండోచోట కూడా పెట్టాలి. పరలోకానికి గడువు పెట్టడానికి మనలో ఎవరు సిద్ధపడతారు? 543లో జస్టీనియను చక్రవర్తి శాసనం శిక్షకు అంతం ఉందన్న బోధను ఖండించింది. మన పల్లె మనసులో ఉన్న గడువు నరకానికీ ప్రభువు చెప్పిన దానికీ తేడా సరిగ్గా ఇక్కడే.

యెషయా గ్రంథం చివరి వచనం, ఆరని అగ్నీ చావని పురుగూ ఉన్న వచనం, యూదులు సమాజమందిరంలో చదివాక అక్కడ ఆపరు. దాని ముందు వచనాన్ని మళ్లీ చదివి ముగిస్తారు. వచనాన్ని దాచరు, దానితో జనాన్ని ఇంటికి పంపించరు.

1979లో గాబ్రియేలు బర్కాయ్ అనే పురావస్తు పండితుడు ఆ హిన్నోము లోయ అంచునే పాత సమాధులు తవ్వించాడు. ఒక సమాధి గదిలో చుట్టి ఉన్న రెండు చిన్న వెండి రేకులు దొరికాయి. చూడటానికి బీడీ ముక్కంత. మెడలో కట్టుకునే రక్షరేకులు. చిట్లిపోకుండా విప్పడానికి ఏళ్లు పట్టింది. వాటి మీద గీసిన అక్షరాలు సంఖ్యాకాండము 6లోని అహరోను దీవెన మాటలు. అవి క్రీ.పూ. 600 ప్రాంతం నాటివి, ఇంచుమించు యిర్మీయా రోజులవి. మృత సముద్రపు చుట్టల కంటే దాదాపు 400 ఏళ్లు పాతవి. బైబిలు మాటలున్న రాతల్లో ఇంతవరకు దొరికిన వాటిలో ఇవే అత్యంత పాతవి. దేవుని ముఖకాంతి తన మీద ప్రకాశించాలని కోరుకున్న మనిషిని ఆ లోయ పక్కనే పాతిపెట్టారు. ప్రతి ఆదివారం ఆరాధన ముగిసేముందు మనం తలలు వంచి వినే దీవెన అదే. ఆ రేకులు ఇప్పుడు యెరూషలేములో, ఇశ్రాయేలు మ్యూజియంలో ఉన్నాయి.