నాన్సెన్ పత్రము నుండి జెనీవా ఒడంబడిక వరకు

1921లో నానాజాతి సమితి, ధ్రువప్రాంత యాత్రికుడుగా పేరుగన్న నార్వే దేశీయుడు నాన్సెన్‌ను శరణార్థుల హైకమిషనరుగా నియమించెను. రష్యా విడిచిన లక్షలాది జనుల పౌరసత్వమును సోవియట్ ప్రభుత్వము రద్దు చేయగా, సరిహద్దు దాటుటకు వారి చేత కాగితమే లేకపోయెను. మరుసటి యేట నాన్సెన్ ఒక గుర్తింపు పత్రమును ప్రతిపాదించెను. క్రమముగా ఏబదికి పైగా ప్రభుత్వములు దానిని అంగీకరించినవి. పత్రము గలవానిని తిరిగి తమ దేశమున చేర్చుకొనవలెనను నిర్బంధము అందు లేదు. అందువలననే కాబోలు, అన్ని దేశములు ఒప్పుకొన్నవి!

1933లో శరణార్థిని వెనుకకు నెట్టరాదను నియమముతో ఒడంబడిక సిద్ధము కాగా, చేరిన దేశములు పదికి మించలేదు. ఆ వెనుకంజ ఎందరి ప్రాణముల మీదికి తెచ్చెనో తరువాతి యుద్ధకాలమున లోకము చూచినది.

1951 జులై 28న జెనీవాలో ఆమోదించిన ఒడంబడికకు ఆరు దేశములు చేరిన చాలును. ఆ ఆరును చేరి అది అమలునకు వచ్చుసరికి 1954 ఏప్రిల్ అయ్యెను. దేశములు జంకకుండుటకై దానిని 1951 జనవరి 1కి పూర్వపు సంఘటనలకే పరిమితము చేసిరి. ఆ గడువును 1967 నాటి ప్రోటోకాలు తొలగించెను. ఒడంబడికలో చేరని అమెరికా సైతము 1968లో ప్రోటోకాలులో చేరెను.

మనము రెండింటిలోను నేటికిని చేరలేదు. 1971లో తూర్పు బెంగాలు నుండి వచ్చిన సుమారు కోటిమందికి చోటిచ్చినాము. చేసి చూపిన దానిని వ్రాతలో ఒప్పుకొనుటకు మనకింత సంకోచమేల?