ఎగిరిన ఎత్తుకు సాక్ష్యం

రాకెట్టు అనగానే తెలుగువారి మనసులో శ్రీహరికోట మెదులుతుంది. అక్కడి కృషి ప్రభుత్వానిది. దాని వెనుక వేలాదిమంది నిపుణులుంటారు. కాని మనం వచ్చి స్థిరపడిన ఈ అమెరికాలో, ఏ ప్రభుత్వమూ పురమాయించకుండానే రాకెట్లు తయారుచేసి ఎగరేసే ఔత్సాహికుల చరిత్ర ఒకటుంది. ఆ చరిత్రలో నిప్పుకన్నా, చప్పుడుకన్నా ముఖ్యమైనది రాకెట్టులో ఒదిగి కూర్చునే చిన్న పరికరాల పెట్టె.

ఈ మార్గానికి ఆద్యుడు మసాచుసెట్స్‌కు చెందిన ప్రొఫెసర్ రాబర్ట్ గాడర్డ్. 1926 మార్చి 16న ఆబర్న్‌లో, బంధువుల పొలంలో ఆయన వదలిన ద్రవ ఇంధన రాకెట్టు 41 అడుగులు లేచి, రెండున్నర సెకన్లలో క్యాబేజీ తోటలో పడింది. 1929 జూలై 17న వదలిన రాకెట్టులో ఆయన బారోమీటరును, థర్మామీటరును, వాటి అంకెలను ఫొటో తీసే కెమెరాను అమర్చారు. అది ఎంతో ఎత్తుకు పోలేదు. ఆ చప్పుడుకు ఊరివారు విమానం కూలిందనుకున్నారు. అయినా పరికరాలను రాకెట్టులో పంపే పద్ధతి ఆచరణలోకి వచ్చింది ఆనాడే.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కనుక బారోమీటరు ఎత్తు చెప్పగలదు. ముప్ఫై కిలోమీటర్ల పైన ఆ ఒత్తిడి నేలమీద ఉన్నదానిలో సుమారు నూరో వంతే. అక్కడినుంచి, వేగంలో వచ్చే మార్పును క్షణక్షణం నమోదుచేసే పరికరం ఆదుకోవాలి. ఆ మార్పులన్నీ కూడితే వేగం, దానినిబట్టి ఎత్తు తెలుస్తాయి. మొదట గోరంత తప్పు దొర్లితే చివరకది కొండంతవుతుంది.

2004 మే 17న నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారినుంచి ఔత్సాహికుల ‘గోఫాస్ట్’ రాకెట్టు దాదాపు 116 కిలోమీటర్లు ఎగిరింది. అంతరిక్షపు హద్దుగా చెప్పే వంద కిలోమీటర్లను దాటిన తొలి ఔత్సాహిక రాకెట్టు అదే.

తరువాత సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు పూనుకున్నారు. 2018లో వారి ‘ట్రావెలర్-3’ చక్కగా పైకి లేచింది. కాని లోపలి పరికరాలను ముందుగా సిద్ధంచేయడంలో పొరపాటు జరిగింది. ఒక్క అంకె కూడా నమోదు కాలేదు. రాకెట్టు హద్దు దాటిందేమో. సాక్ష్యం మాత్రం లేదు. ఏళ్ళ శ్రమ అలా ఊహగానే మిగిలింది.

వారు మళ్ళీ కట్టారు. 2019 ఏప్రిల్ 21న న్యూ మెక్సికోనుంచి ‘ట్రావెలర్-4’ 103.6 కిలోమీటర్లు చేరినట్లు లెక్క తేలింది. అయితే అందులో అటూ ఇటూ అయిదు కిలోమీటర్ల తేడా ఉండవచ్చనీ, హద్దు దాటామనే నమ్మకం నూటికి తొంభై పాళ్ళనీ వారే ప్రకటించారు. 2024 అక్టోబరు 20న అదే బృందంవారి మరో రాకెట్టు సుమారు 143 కిలోమీటర్లు చేరి పాత ఔత్సాహిక రికార్డులను దాటింది.

ఈ విజయాలన్నిటిలో నాకు గొప్పగా తోచేది ఆ మిగిలిన పదిపాళ్ళ సందేహాన్ని దాచకపోవడం. మన పిల్లలు పెరటిలో చిన్న రాకెట్టు ఎగరేసి వచ్చినప్పుడు, ఎంత ఎత్తు పోయిందని అడిగి ఊరుకోవద్దు. ఆ సంగతి ఎలా తెలిసిందని కూడా అడుగుదాం.