అగ్నివశీకరణము – కర్తృనిర్ణయము

మానవుని పూర్వులు నిప్పు నెప్పుడు వశపఱచుకొనిరి? ఈ ప్రశ్నము పురాతత్త్వజ్ఞులదే యైనను, దీనియందు వైయాకరణులకు బరిచితమైన చిక్కొకటి గలదు. దగ్ధ శబ్దము దహధాతువుపై గర్మార్థమున క్తప్రత్యయము చేరగా సిద్ధించినది. అది కాలిన వస్తువును దెలుపునే కాని కాల్చిన కర్తను దెలుపదు. భూమిలో దొరకు కాలిన యెముకయు నట్టిదియే. పిడుగునకును దావానలమునకును గూడ నా కర్తృత్వము పొసగును.

చీనాదేశమందలి జౌకౌడియన్ గుహ యిందుకు నిదర్శనము. అచట నగ్నిచిహ్నములు గలవని 1931లో డేవిడ్‌సన్ బ్లాక్ ప్రకటించెను. పెక్కు పాఠ్యగ్రంథములు దానినే చెప్పుచు వచ్చెను. 1998లో స్టీవ్ వైనర్ మొదలగువారు పరీక్షింపగా, కాలిన యెముకలు గానవచ్చెను గాని, బూడిదయని తలచిన పొరలలో గట్టెబూడిద లక్షణములు గానరావయ్యెను. తరువాతివారు కొందఱు మరల బూర్వమతమునే సమర్థించిరి. వివాదము తీరలేదు.

దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహ సాక్ష్య మంతకంటె బలవత్తరము. 2012లో బ్రకటితమైన పరిశోధనము ననుసరించి, ద్వారమునకు సుమారు 30 మీటర్ల లోపల, 10 లక్షల యేండ్లనాటి పొరలో, మొక్కల బూడిదయు గాలిన యెముకతునకలును సూక్ష్మదర్శినియందు గనబడినవి. అంతలోపలికి బిడుగు వచ్చి పడదు. ఇస్రాయేలులోని గెషర్ బెనోత్ యాకోవ్‌నందు 7 లక్షల 90 వేల యేండ్లనాటి కాలిన చెకుముకి తునకలు చెదరక, కొన్ని తావులందే గుమిగూడి యున్నవి. కార్చిచ్చైనచో నిట్లు తావు లేఱుకొని కాల్చునా?

ఇక నొక భేదము విస్మరింపరాదు. దొరకిన నిప్పును గొనుట, దాని నాఱకుండ గాపాడుట, క్రొత్తగా బుట్టించుట – ఇవి మూడు వేర్వేఱు క్రియలు. వండర్‌వర్క్ మొదటిదానికి సాక్ష్యము. గెషర్‌నందు నగ్నిచిహ్నములు పెక్కు పొరలలో మరల మరల గానవచ్చుటచే రెండవది యూహింపదగును. మూడవదానికి 2025లో నింగ్లండులోని బార్న్‌హామ్ సాక్ష్యము ప్రకటితమైనది. అచట 4 లక్షల యేండ్లనాటి కాలిన మట్టిచెంత రెండు పైరైటు తునకలు దొరకినవి. చెకుముకితో గొట్టినచో నీ ఖనిజము రవ్వలు రాల్చును. ఆ ప్రాంతమున నది యరుదు గావున, నెవరో కోరి తెచ్చినదని పరిశోధకుల నిర్ణయము.

మొదటి క్రియకును మూడవదానికిని నడుమ 6 లక్షల యేండ్ల యంతరము గానవచ్చుచున్నది. “మానవుడు నిప్పును గనుగొనెను” అని యొక్క వాక్యమున బాలురకు జెప్పినచో, నీ యంతరమంతయు మఱుగుపడును. కావున నుపాధ్యాయులు క్రియను విడదీసి, కర్త నిశ్చితుడైనచోటనే కర్తను జెప్పుట యుచితము.