గోదావరి డెల్టా విద్యకు విదేశీ సాయం – నిలకడ చరిత్ర

పరాయి దేశపు నిధులతో మొదలైన బడి, ఆ నిధులు ఆగాక ఏమవుతుంది? గోదావరి డెల్టాకు ఈ ప్రశ్న 19వ శతాబ్దంలోనే ఎదురైంది.

ఉత్తర జర్మనీ మిషనరీ సంఘం తరఫున వాలెట్ 1845లో రాజమండ్రిలో మిషన్ పెట్టారు. డబ్బుకు కటకటలాడి ఆ సంఘం కొన్నేళ్లకే దాన్ని అమెరికన్ లూథరన్లకు అప్పగించింది. అమెరికాలో అంతర్యుద్ధం (1861–65) రాగానే అక్కడి చందాలూ సన్నగిల్లాయి. 1869లో రాజమండ్రిని ఇంగ్లండు వారి చర్చి మిషనరీ సొసైటీకి ఇచ్చేసే ఏర్పాట్లు జరిగాయి. 1842లో గుంటూరు మిషన్‌ను ప్రారంభించిన అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్‌కు అప్పటికి 76 ఏళ్లు. పెన్సిల్వేనియా లూథరన్ల సభలో ఆయన అడ్డుపడి, తానే మళ్లీ ఓడెక్కి రాజమండ్రి చేరారు. మిషన్ దక్కింది, కానీ ఒక ముసలాయన పంతం మీద నిలిచినదాన్ని నిలకడ అనలేం.

అదే డెల్టాలో ఇందుకు పూర్తిగా భిన్నమైన ప్రయత్నం ఒకటి జరిగింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడసాగాయి. 1855 ప్రాంతంలో సబ్ కలెక్టర్ జి.ఎన్. టేలర్ నరసాపురం వైపు రైతులను ఒప్పించి, వారిచ్చే చందాతోనే పల్లె బడులు నడిపించారు. అడిగింది దొర కనుక ఆ ఒప్పుకోలు ఎంత స్వచ్ఛందమో ఊహించుకోవచ్చు. 1863 మద్రాసు విద్యా చట్టం ఈ పద్ధతికి చట్టబలం ఇచ్చినా, గోదావరి జిల్లా బయట అది అంతగా వేళ్లూనలేదు. తర్వాత దాని స్థానంలో 1871 స్థానిక నిధుల చట్టం వచ్చింది.

మిషన్ బడులను దీర్ఘకాలం నిలబెట్టింది చందాల కన్నా సర్కారు గ్రాంటు. దానికి మూలం 1854 నాటి వుడ్ విద్యా తాఖీదు. 1927లో ఆంధ్ర ఇవాంజలికల్ లూథరన్ చర్చి ఏర్పడి పెత్తనం క్రమంగా స్థానికుల చేతికి వచ్చింది. ఆ తర్వాత కూడా ఎయిడెడ్ (సర్కారు గ్రాంటు పొందే) బడుల పంతుళ్ల జీతాలకు ఖజానాయే ఆధారమైంది.

స్వాతంత్ర్యానంతరం వచ్చిన పెద్ద విదేశీ పథకం ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. 1989 నుంచి 1996 దాకా బ్రిటన్ సాయంతో నడిచింది. గదుల నిర్మాణంతో పాటు ఉపాధ్యాయుల శిక్షణ, వారు కలుసుకునే కేంద్రాలు దాని ప్రత్యేకత. గది నిలిచిందో లేదో కంటికి కనిపిస్తుంది; పాఠం చెప్పే తీరు మారిందో లేదో తరగతిలో కూర్చుంటే గాని తెలియదు. మదింపులో అసలు చిక్కు అదే. తర్వాత వచ్చిన జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) జిల్లాల ఎంపికకు స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటు కన్నా తక్కువగా ఉండటం ముఖ్య కొలమానం. 1991 జనగణనలో ఉభయ గోదావరి జిల్లాలు ఆ సగటుకు పైనే ఉన్నాయి కనుక ఆ కొలమానానికి అందలేదు.

ఇక మిషన్ బడులను నిలబెట్టిన ఖజానా ఆధారమూ ప్రశ్నార్థకమైంది: 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను సిబ్బందితో సహా స్వాధీనం చేయాలని, లేదా సిబ్బందినైనా అప్పగించాలని కోరింది. నిరసనలు రేగాక, ఎయిడెడ్‌గానే కొనసాగే అవకాశాన్నీ ఇచ్చింది.